చేత్తో మలిచే రేసు కారు బాడీ: తరచుగా అడిగే ప్రశ్నలు

1950ల నాటి ఇంగ్లండు, ఇటలీ రేసు కార్ల పద్ధతిలో ఇంట్లోనే ఒక కారు కట్టుకుంటూ, దాని బాడీ రేకులు కూడా సొంతంగా మలుచుకుందామనుకునే వాళ్ళు అడిగే ప్రశ్నలివి. ఛాసీ, ఇంజను, సస్పెన్షన్ సంగతులు ఇక్కడ లేవు. రేకు పని ఒక్కటే.

నేనెప్పుడూ సుత్తి పట్టలేదు. ఇది నా వల్ల అయ్యే పనేనా?

అవుతుంది. కారు ఆకారం ఎంచుకునేటప్పుడు కాస్త ఆలోచిస్తే చాలు. ఒక పైపుకి కాగితం చుట్టి చూడండి: ఎక్కడా ముడత పడదు, చిరగదు. ఇది ఒకవైపు వంపు. ఇలాంటి చోట రేకుని పైపు మీద వంచితే చాలు, కొట్టే పనే లేదు. అదే కాగితాన్ని ఒక బంతికి చుట్టండి. చుట్టూ ముడతలు పడతాయి. ఇది రెండువైపుల వంపు. అసలు కష్టమంతా ఇక్కడే.

1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ని చూడండి. పక్కలు, బానెట్, వెనక భాగం దాదాపు అన్నీ చదును రేకులు, లేదా ఒకవైపు వంపులు. రెండువైపులా వంపు తిరిగేవి ముక్కు, మడ్‌గార్డులు. కొనుక్కున్నవాళ్ళు ఇంట్లో బిగించుకునే కిట్‌గా అమ్మిన కారు అది, అందుకే అంత సాదాగా ఉంటుంది. 1960లో రెండో సిరీస్ వచ్చేసరికి ఖర్చు తగ్గించడానికి ఆ ముక్కుని, మడ్‌గార్డులని కూడా ఫైబర్‌గ్లాస్‌కి మార్చేశారు. చేత్తో రేకు మలచడం ఎంత సమయం తినే పనో దీన్నిబట్టే తెలుస్తుంది.

మొదటి కారుకి ఇలాంటి ఆకారమే తీసుకోండి. ఫెరారీ టెస్టా రోస్సాలా ఒళ్ళంతా వంపులున్న కారు మీద మనసు పడితే అది రెండోసారి చేసుకోండి.

చదును రేకు గుండ్రంగా ఎలా తిరుగుతుంది?

రేకుతో చేయగలిగినవి రెండే. సాగదీయడం, కుదించడం. మధ్యలో సాగదీస్తే అక్కడ విస్తీర్ణం పెరుగుతుంది, పక్కకి చోటు ఉండదు కాబట్టి రేకు పైకి ఉబ్బుతుంది. అంచుని కుదించినా ఉబ్బుతుంది. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి గానీ తేడా ఉంది: సాగదీస్తే రేకు పలచబడుతుంది, కుదిస్తే మందం పెరుగుతుంది. లోతైన ముక్కుని మొత్తం సాగదీతతోనే చేయబోతే కొన దగ్గర రేకు పలచబడి చిరిగిపోతుంది. అందుకే మంచి పనివాళ్ళు రెండూ కలిపి చేస్తారు, అంచులో కుదించి, మధ్యలో కొంచెం సాగదీసి.

సాగదీయడం సులువే. గట్టి దిమ్మకీ సుత్తికీ మధ్య రేకు నలిగితే సాగుతుంది. ఇంగ్లీష్ వీల్ చేసేదీ అదే, రెండు చక్రాల మధ్య రేకుని నొక్కి లాగడం. కుదించడానికి మాత్రం ఓపిక కావాలి. టైలర్ జాకెట్టుకి డాట్ వేసినట్టు, అంచులో ఒక మడత లేపుతారు. టైలర్‌కి ఆ మిగులు గుడ్డ లోపల దాగిపోతుంది, మనకి రేకు దాచే చోటు లేదు. కాబట్టి మడత కొసని ముందు అణిచి, అది పక్కలకి జారకుండా చేసి, మిగతాదాన్ని మెల్లగా తనలోకి తానే కూరుకుపోయేలా కొట్టాలి. మడత జారి చదునైపోతే కుదించినట్టు కాదు. మడత మీద మడత పడితే అక్కడ పగులుతుంది.

పనిలో ఎక్కడ చిక్కుకున్నా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇక్కడ రేకు ఎక్కువైందా, తక్కువైందా? సొట్ట కనబడగానే దాన్ని కింద నుంచి కొట్టేయాలనిపిస్తుంది. చాలాసార్లు ఆ సొట్టలో తప్పేమీ ఉండదు, దాని పక్క భాగం ఎక్కువ సాగిపోయి ఎత్తుగా నిలబడి ఉంటుంది.

అల్యూమినియం మంచిదా, స్టీలు మంచిదా?

మలచడానికి అల్యూమినియం సులువు, అతకడానికి స్టీలు సులువు. బరువు లెక్క ఇది: 1.2 మి.మీ. అల్యూమినియం రేకు చదరపు మీటరుకి సుమారు 3.2 కిలోలు, 0.9 మి.మీ. స్టీలు రేకు సుమారు 7 కిలోలు. రేసు కారు అంటే అల్యూమినియమే న్యాయం.

అల్యూమినియం రకాలకి నంబర్లుంటాయి, వాటిలో 3003 అడగండి. హెచ్14 అంటే సగం గట్టితనం ఉన్నది, వీల్ మీద పనికి బాగుంటుంది. 1100 ఇంకా మెత్తన, నేర్చుకోవడానికి హాయి, కానీ పూర్తయ్యాక మోచెయ్యి ఆనిస్తే సొట్ట పడుతుంది. 5052 బలంగా ఉంటుంది, మొదటిసారికి మొండిగా అనిపిస్తుంది. 6061 టీ6 మాత్రం వద్దు. షాపులో బలమైనదని చెప్పి అదే అంటగట్టబోతారు. బ్రాకెట్లకి బాగుంటుంది గానీ వంపు తిప్పబోతే పగులుతుంది.

మందం 1.2 నుంచి 1.6 మి.మీ. మధ్య. ఎక్కువ సాగదీయాల్సిన ముక్కుకి 1.6, మిగతాచోట్ల 1.2 సరిపోతుంది. ఇంట్లో మిగ్ వెల్డింగ్ (తీగ దానంతటదే వచ్చే కరెంటు వెల్డింగ్) ఒక్కటే ఉంటే స్టీలు సీఆర్ షీట్‌తో (పూత లేని మామూలు స్టీలు రేకు) మొదలుపెట్టినా పరవాలేదు. జింకు పూత ఉన్న జీఐ రేకు వద్దు, వెల్డింగ్ చేస్తే జింకు పొగ వస్తుంది, అది పీలిస్తే జ్వరమొస్తుంది.

కొడుతుంటే రేకు బిరుసెక్కుతోంది. ఏం చేయాలి?

మెత్తబరచాలి. ఏ లోహమైనా చల్లగా కొడుతూ పోతే గట్టిపడుతుంది, వేడి చేస్తే మళ్ళీ దారికొస్తుంది. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకు పని చేసేవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు, నిప్పులో పెట్టి ఎర్రబడ్డాక తీస్తారు. అల్యూమినియంతో వచ్చిన చిక్కేమిటంటే అది ఎర్రబడదు. 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, అప్పటిదాకా రంగు మారదు. చూస్తూ ఉండగానే చిల్లు పడుతుంది.

మనకి కావాల్సింది 350 నుంచి 400 డిగ్రీలు. కొలవడానికి పాత ఉపాయాలు రెండున్నాయి. ఒకటి, ఆక్సిజన్ తగ్గించి ఎసిటిలీన్ మంటతో రేకంతా మసి పట్టించి, తర్వాత మామూలు మంటని దూరం నుంచి ఊపుతూ ఆ మసి మాయమయ్యేదాకా వేడి చేయడం. రెండోది, బట్టల సబ్బుతో గీతలు గీసి అవి ముదురు గోధుమ రంగుకి తిరిగేదాకా వేడి చేయడం. మంట ఒకేచోట నిలపకూడదు. తర్వాత నీళ్ళలో ముంచినా, గాలికి వదిలేసినా 3003కి తేడా ఏమీ లేదు.

మెత్తబరిచిన రేకుని అలాగే కారుకి బిగించేయకండి. చివర్లో వీల్ మీదో, సుత్తితోనో సాపు చేసేటప్పుడు అది మళ్ళీ గట్టిపడాలి. లేకపోతే చెయ్యి వేస్తే నొక్కుకుపోతుంది.

ఏయే పనిముట్లు కావాలి? ఇంగ్లీష్ వీల్ తప్పనిసరా?

తప్పనిసరి కాదు. మొదట కావాల్సినవి: కోడిగుడ్డు మొన ఆకారంలో చెక్కిన కొయ్య సుత్తి, దట్టమైన తోలు సంచిలో పొడి ఇసుక, సాపు ముఖం ఉన్న చిన్న ఇనుప సుత్తి, రెండు మూడు రకాల వంపులున్న డాలీలు (రేకు వెనక ఆనించే చిన్న ఇనుప దిమ్మలు), కుడి ఎడమ కత్తెరలు, ఒక మంచి ఆకురాయి. కుదించడానికి అంచు లోతుగా చెక్కిన చెట్టు మొద్దు చాలా బాగా పనికొస్తుంది, చింత మొద్దు అయితే ఏళ్ళ తరబడి ఉంటుంది. సంచిలో సీసం గుండ్లు పోస్తారు కొందరు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఇసుకే చాలు.

సుత్తి, డాలీల ముఖాలు అద్దంలా ఉండాలి. సుత్తి మీద ఒక గీత ఉంటే కొట్టిన ప్రతిచోటా ఆ గీత రేకు మీద అచ్చు పడుతుంది.

వీల్ ఉంటే సాపు పని తొందరగా అవుతుంది. కొంటే ఫ్రేమ్ చూసి కొనండి, చక్రాల మెరుపు చూసి కాదు. సన్న ఫ్రేమ్ ఒత్తిడికి తెరుచుకుంటుంది, అప్పుడు చక్రం పక్కకి జరిగి రేకు మీద చారలు పడతాయి. వాడేటప్పుడు ఒత్తిడి తక్కువ పెట్టి, దగ్గర దగ్గరగా ఎక్కువసార్లు తిప్పండి. కింది చక్రం వంపు మీకు కావాల్సిన వంపుకి దగ్గరగా ఉండాలి. బిగించేసి నాలుగుసార్లు తోస్తే పని అయిపోదు, రేకు మీద పొలం దున్నిన చాళ్ళు మిగులుతాయి.

బక్ (ఆకారం సరిచూసుకునే చెక్క నమూనా) కట్టాలా? ఇటలీలో కంటితోనే చేసేవారట కదా?

మోడెనాలో సెర్జియో స్కాలియెట్టి వర్క్‌షాపులో డ్రాయింగుల మీద పెద్దగా ఆధారపడకుండా ఇసుక సంచి మీద రేకు కొట్టి ఫెరారీలకి బాడీలు వేసిన మాట నిజమే. ఆ చేతులకి ఎన్నో కార్ల అలవాటు ఉంది. అయినా 1962 నుంచి 1964 దాకా తయారైన 36 ఫెరారీ 250 జీటీఓల్లో ఏ రెండూ అచ్చుగుద్దినట్టు ఉండవు. ఫెరారీ అయితే దాన్ని ముచ్చటగా చెప్పుకుంటారు. మీ కారుకి కుడి మడ్‌గార్డు ఎడమదానికంటే లావుగా ఉంటే ముచ్చట పడేవాళ్ళెవరూ ఉండరు.

బక్ కట్టండి. 9 లేదా 12 మి.మీ. ప్లైవుడ్‌ని అడ్డకోతలుగా కోసి, నిలువు పలకల మీద గుచ్చి నిలబెట్టడమే. వంపు ఎక్కువున్న చోట కోతలు దగ్గరగా, చదునుగా ఉన్నచోట దూరంగా పెట్టండి. మధ్యలో ఖాళీలు వదలాలి, రేకు ఎక్కడ ఆనింది, ఎక్కడ ఆనలేదు అన్నది లోపలి నుంచి లైటు వేసి చూడాలి కదా. రేకు మందం లెక్కేసుకుని బక్‌ని ఆ మేరకు చిన్నదిగా కోయండి.

బక్ మీద రేకు పెట్టి కొట్టకూడదు. అది కొలబద్ద. కొట్టాల్సింది సంచి మీద, దిమ్మ మీద. కొట్టడం, తెచ్చి బక్ మీద పెట్టి చూడటం, గుర్తు పెట్టుకోవడం, మళ్ళీ కొట్టడం. ఈ పనిలో సగానికి పైగా సమయం చూడటానికే పోతుంది, పోవాలి కూడా.

ఏ ముక్క ఎంత పెద్దది కోయాలో ఎలా తెలుస్తుంది?

బక్ మీద దళసరి కాగితం పరచండి. ముడత పడినచోట కుదించాలి, కాగితం చాలక బిగుసుకుపోయినచోట, లేదా కోసి తెరవాల్సి వచ్చినచోట సాగదీయాలి. ఆ గుర్తులు కాగితం మీదే రాసి రేకుకి దించుకోండి. పని చేసేముందు ఇంత సమాచారం ఇంకెక్కడా దొరకదు.

ఇంకా మంచి పద్ధతి ఒకటుంది. బక్ బదులు అసలు ప్యానెల్ ఏదైనా నకలు తీయాలంటే, దాని మీద ముందు తేలికగా అంటుకునే టేపు, దాని పైన అడ్డంగా నిలువుగా పీచు టేపు వేసి, మొత్తం ఒక తొడుగులా ఊడదీయండి. ఆ తొడుగులో ఆకారమే కాదు, విస్తీర్ణం కూడా ఉంటుంది. రేకు మీద వేసి చూస్తే, తొడుగు వదులుగా ఉన్నచోట ఇంకా సాగదీయాలని తెలిసిపోతుంది.

మొత్తం ముక్కుని ఒకే రేకులో చేయాలన్న పట్టుదల వద్దు. మీ చేతులు రెండువైపులా అందేంత ముక్కలుగా విడగొట్టండి. అతుకులు మరీ బిగువైన వంపు మీద రాకుండా, లోపల డాలీ, బయట సుత్తి ఆడేచోట రావాలి. కోసేటప్పుడు చుట్టూ రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ ఉంచండి, చివర్లో తీసేయవచ్చు.

రేకు నొక్కితే టప్‌మని లోపలికి పోయి మళ్ళీ బయటికి వస్తోంది. ఎందుకు?

ఈ ప్రశ్న అందరూ అడుగుతారు, ముఖ్యంగా బానెట్ చేసేవాళ్ళు. చూడటానికి తేలికగా కనిపించే పలచని వంపే అన్నిటికంటే కష్టం. లోతైన వంపు తన ఆకారంతో తానే గట్టిగా నిలబడుతుంది, చదునుకి దగ్గరగా ఉన్న ప్యానెల్‌కి ఆ బలం ఉండదు.

అలా టప్‌మంటోందంటే అక్కడ మధ్యభాగం చుట్టుపక్కల కంటే ఎక్కువ సాగి, దానికి పట్టేంత చోటు లేక అటూ ఇటూ ఊగుతోందన్నమాట. దాన్నే ఇంకా కొడితే ఇంకా సాగుతుంది, ఇంకా ఊగుతుంది. దాన్ని వదిలేసి చుట్టూ ఉన్న భాగాన్ని వీల్ మీద కొంచెం కొంచెంగా సాగదీస్తూ రండి. ఒక స్థాయికి రాగానే ఊగడం ఆగిపోతుంది. ఇందుకు విరుద్ధంగా అంచులు అలలు అలలుగా ఉంటే అంచు ఎక్కువైంది, అప్పుడు అంచు కుదించాలి, లేదా మధ్యలో సాగదీయాలి. ఎంతకీ తేలకపోతే ఆ రోజుకి ఆపేయండి. టెన్షన్‌లో కొట్టే ప్రతి దెబ్బా తర్వాత సరిచేయాల్సిన పనే.

వెల్డింగ్ ఏది మంచిది, టిగ్గా, గ్యాసా?

రెండింటితోనూ చేయవచ్చు. ఏసీ టిగ్ (టంగ్‌స్టన్ కొనతో చేసే కరెంటు వెల్డింగ్) శుభ్రంగా ఉంటుంది, నేర్చుకోవడానికి మనుషులూ దొరుకుతారు. కాకపోతే అందరూ వాడే 4043 ఫిల్లర్ (అతుకులో కరిగించే తీగ) వేస్తే అతుకు చుట్టుపక్కల కంటే గట్టిగా తయారై, సుత్తితో సాపు చేసేటప్పుడు పగిలే ప్రమాదం ఉంది. 3003 రేకుకి 1100 ఫిల్లర్, లేదా అదే రేకులోంచి సన్నగా కత్తిరించిన పట్టీ వాడండి.

పాత పనివాళ్ళది గ్యాస్ వెల్డింగ్. అతుకు మెత్తగా ఉంటుంది, సుత్తితో కొట్టి పక్క రేకులో కలిపేయవచ్చు, పైన ఆకురాయి పెడితే అతుకు ఎక్కడో కనబడదు. దానికి ఫ్లక్స్ (అతుకు దగ్గర లోహాన్ని శుభ్రం చేసే మందు) కావాలి, ఆ ఫ్లక్స్ మంటలో పసుపుగా వెలిగి కళ్ళకి అడ్డొస్తుంది కాబట్టి అందుకు తగ్గ ప్రత్యేక అద్దాలు కావాలి. పని అయ్యాక వేడినీళ్ళతో, బ్రష్‌తో రెండువైపులా కడిగేయాలి. మిగిలిపోయిన ఫ్లక్స్ లోపల లోపల అల్యూమినియాన్ని తినేస్తుంది, ఏడాదికి పెయింటు కింద పొక్కులు తేలతాయి.

ఏ పద్ధతి అయినా అంచులు సందు లేకుండా ఎదురెదురుగా ఆనాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కించకండి. ముందు తునకల మీద నేర్చుకోండి.

అంచులు పదునుగా వదిలేయవచ్చా?

వద్దు. చెయ్యి తెగుతుంది, రేకూ వణికి పగులుతుంది. లోపల తీగ పెట్టి అంచు మడవండి. తీగ వ్యాసానికి రెండున్నర రెట్లు అదనంగా రేకు ఉంచుకోవాలి, అంటే 3 మి.మీ. తీగకి 7.5 మి.మీ. తీగ అల్యూమినియందే అయితే తుప్పు బాధ లేదు. ఇంగ్లండులో ఉండి రోడ్డు మీద నడపాలనుకునేవాళ్ళకి ఇంకో కారణం ఉంది. అక్కడ సొంతంగా కట్టిన కారుకి చేసే ఐవీఏ పరీక్షలో బయటికి తగిలే అంచులకి కనీసం 2.5 మి.మీ. వ్యాసార్థమున్న గుండ్రం అడుగుతారు.

ఛాసీ స్టీలు, బాడీ అల్యూమినియం. కలిపి బిగిస్తే ఏమవుతుంది?

తడి తగిలితే అల్యూమినియం తినుకుపోతుంది. మిలాన్‌లోని టూరింగ్ సంస్థ 1930ల్లో తెచ్చిన సూపర్‌లెజ్జేరా పద్ధతిలో సన్న స్టీలు గొట్టాల మీద అల్యూమినియం తొడిగేవారు. అద్భుతమైన తేలిక బాడీలు. ఇవాళ వాటిని బాగుచేసేవాళ్ళని అడిగితే గొట్టం, రేకు కలిసేచోట తెల్లపొడి రాలడం గురించే ముందు చెబుతారు. గొట్టానికి బాగా పెయింటు వేసి, మధ్యలో రబ్బరు పట్టీ గానీ, దళసరి టేపు గానీ పెట్టండి. రివెట్లు అల్యూమినియంవే వాడండి. తరచూ తీసే బానెట్‌కి పావు తిప్పు తిప్పితే ఊడే జూస్ ఫాస్టెనర్లు, పైన తోలు బెల్టు. ఆ బెల్టు అందానికే అనుకుంటారు, ఫాస్టెనర్ ఊడిన రోజు తెలుస్తుంది దాని విలువ.

పుట్టీ పెట్టి సరిచేస్తే తప్పా?

గోరు మందం కంటే తక్కువైతే తప్పేమీ లేదు. అంతకు మించి పెడుతున్నారంటే రేకు పని ఇంకా అయిపోలేదని అర్థం. పెయింటు వేసేవాళ్ళు ముందు అల్యూమినియానికి తగిన ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకునే ప్రైమర్) కొట్టాలి, మామూలు ప్రైమర్ పొరలు పొరలుగా లేచిపోతుంది.

మెగ్నీషియం రేకు ఇంకా తేలిక కదా?

తేలికే. 1955 లే మాన్స్‌లో మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ ప్రమాదంలో మెగ్నీషియం మిశ్రమం బాడీ ఎలా మండిందో చదివి, ఆ ఆలోచన మానుకోండి. అల్యూమినియంతోనూ ఒక జాగ్రత్త ఉంది: స్టీలు రుద్దే గ్రైండర్ మీద దాన్ని రుద్దకండి. రాయి పూడుకుపోయి పగలవచ్చు, అల్యూమినియం పొడి, ఇనుప తుప్పు కలిసినచోట నిప్పురవ్వ పడితే మంట ఆర్పడం కష్టం.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. కుదురుతుందా?

వీల్ పని కుదురుతుంది, దాదాపు చప్పుడుండదు. సుత్తి పని కుదరదు. కింది ఇంటివాళ్ళు పైకి వస్తారు. షెడ్డు అద్దెకి తీసుకోండి, చెవులకి మఫ్‌లు పెట్టుకోండి.

విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రీకి ఇస్తే చేసిపెట్టడా?

లారీ, బస్సు బాడీలు కట్టే చేతులు అక్కడ చాలా ఉన్నాయి. టింకరింగ్ మేస్త్రీలకి సుత్తి, డాలీ పని మనకంటే ఎంతో బాగా వచ్చు. కానీ వాళ్ళ అలవాటు ఎక్కువగా స్టీలుతో, అదీ ఉన్న ఆకారాన్ని వెనక్కి తేవడంలో. లేని ఆకారం కొత్తగా తేవాలంటే బక్ మీరే కట్టి ఇవ్వాలి. "ఇలా గుండ్రంగా కావాలి అన్నా" అని ఫోన్‌లో ఫొటో చూపిస్తే, ఆయనకి తోచిన గుండ్రం వస్తుంది. బక్, కాగితం నమూనా, సరైన రకం రేకు మూడూ పట్టుకెళ్ళి, పక్కన నిలబడి చేయించుకోండి. కుదించే పని కళ్ళారా చూడటం వీడియోలకంటే నయం.

మన దగ్గర రోడ్డు మీద నడపవచ్చా?

ఇండియాలో కష్టం. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్టరైన బండిని కూడా కంపెనీ ఇచ్చిన రూపం నుంచి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఇంట్లో కట్టిన కారుకి నంబరు ప్లేటు ఆశించి పని మొదలుపెట్టకండి. ట్రాక్ కోసం కట్టుకోండి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఒకటుంది, కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. ఏ ట్రాక్‌కి వెళ్ళాలనుకుంటున్నారో వాళ్ళ నిబంధనలు రేకు కోయకముందే తెప్పించుకుని చదవండి. రోల్ బార్ (కారు బోల్తా పడితే తలని కాపాడే గొట్టం) ఎక్కడ రావాలో తేలాకే వెనక ప్యానెల్ ఆకారం తేలుతుంది, తర్వాత దానికోసం కంత కోయాల్సి వస్తే చేసిన వంపంతా వృథా.